మెడపూస విరిగిందన్న అనుమానం ఉన్నప్పుడు ఊపిరిని నిలబెట్టేదెలా?

ద్విచక్ర వాహనం మీది నుంచి పడిన యువకుణ్ణి, తాటిచెట్టు మీది నుంచి జారిపడిన గీత కార్మికుణ్ణి, మెట్ల మీద తూలిపడిన వృద్ధురాలిని ఆసుపత్రి అత్యవసర విభాగానికి తెచ్చినప్పుడు వైద్యుల ముందు రెండు బాధ్యతలు ఒకేసారి నిలుస్తాయి. మొదటిది ఊపిరి ఆగకుండా చూడటం. రెండోది మెడ కదలకుండా కాపాడటం. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డు తగలడమే ఇక్కడి చిక్కు. స్పృహ లేని మనిషికి శ్వాసమార్గం తెరవడానికి తలను వెనక్కు వంచడం అందరికీ తెలిసిన పద్ధతి. మెడపూస విరిగి ఉంటే ఆ వంచడమే వెన్నుపామును నలిపివేయవచ్చు.

దీనికి వైద్యశాస్త్రం ఇస్తున్న సమాధానం స్పష్టంగానే ఉంది. ఊపిరే ముందు. మెడను వీలైనంత తక్కువగా కదిలిస్తూ ఊపిరిని నిలబెట్టాలి. అంతేగాని, మెడకు ఏమవుతుందోనన్న భయంతో ఊపిరిని ఆలస్యం చేయకూడదు. వినడానికి తేలికగా ఉన్న ఈ సూత్రాన్ని ఆచరణలో పెట్టడం అంత తేలిక కాదు.

కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వశాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. 1,68,491 మంది మరణించారు, 4,43,366 మంది గాయపడ్డారు. గాయపడిన వారందరికీ మెడ దెబ్బతినదు. అయినా బలమైన దెబ్బ తగిలి వచ్చిన ప్రతి వ్యక్తినీ, లేదని తేలేవరకు, మెడ గాయం ఉన్నట్టుగానే భావించి చూడాలన్నది అత్యవసర వైద్యంలో స్థిరపడిన నియమం.

మెడకూ ఊపిరికీ ఉన్న బంధం

మనిషి మెడలో ఏడు పూసలు ఉంటాయి. అన్నిటికంటే పైనున్న పూస పుర్రెను మోస్తుంది. రెండో పూస తల అటూ ఇటూ తిరగడానికి ఇరుసులా పనిచేస్తుంది. ఈ పూసల నడుమ ఏర్పడిన కాలువ గుండా వెన్నుపాము కిందికి దిగుతుంది. మెదడు నుంచి చేతులకు, కాళ్లకు, ఛాతీ కండరాలకు వెళ్లే ఆజ్ఞలన్నీ ఈ దారిలోనే ప్రయాణిస్తాయి.

ఊపిరి పీల్చడంలో ప్రధానమైనది డయాఫ్రమ్. ఛాతీకీ కడుపుకీ మధ్య గొడుగులా పరచుకుని ఉండే ఈ కండరాన్ని ఫ్రెనిక్ నాడి నడుపుతుంది. వెన్నుపాములో మెడ భాగపు మూడు, నాలుగు, ఐదో స్థాయుల నుంచి ఈ నాడి బయలుదేరుతుంది. గాయం ఎక్కడ తగిలిందన్న దానిమీద ఊపిరి భవితవ్యం ఆధారపడటానికి కారణం ఇదే.

మూడో స్థాయికి పైన వెన్నుపాము పూర్తిగా తెగితే ఊపిరి అక్కడికక్కడే ఆగిపోతుంది. కృత్రిమ శ్వాస నిమిషాల్లో అందకపోతే ప్రాణం నిలవదు. మూడు నుంచి ఐదో స్థాయి మధ్య గాయమైతే డయాఫ్రమ్ బలహీనపడుతుంది. అంతకంటే కింద గాయమైతే డయాఫ్రమ్ పనిచేస్తుంది కాని పక్కటెముకల మధ్య కండరాలు, పొట్ట కండరాలు పడిపోతాయి. అప్పుడు ఊపిరి తీసుకున్నప్పుడల్లా పొట్ట పైకి లేస్తూ ఛాతీ లోపలికి కుంగుతుంది. దగ్గడానికి బలం చాలదు. కఫం లోపలే నిలిచిపోతుంది.

ఇటువంటి రోగుల విషయంలో ఒక విశేషం ఉంది. సాధారణంగా ఆయాసపడే మనిషిని కూర్చోబెడితే ఉపశమనం కలుగుతుంది. మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిన్న వారికి మాత్రం వెల్లకిలా పడుకున్నప్పుడే ఊపిరి మెరుగ్గా ఆడుతుంది. పడుకున్నప్పుడు పొట్టలోని అవయవాలు డయాఫ్రమ్‌ను పైకి నెట్టి, అది బలంగా ముడుచుకోవడానికి తోడ్పడతాయి.

రెండు దఫాల నష్టం

వెన్నుపాముకు కలిగే నష్టం ఒక్కసారితో ముగియదు. దెబ్బ తగిలిన క్షణంలో ఎముక విరిగి, నరాల కణజాలం నలగడం మొదటి నష్టం. దానిని వైద్యులు వెనక్కు తిప్పలేరు. ఆ తర్వాతి గంటల్లో, రోజుల్లో వాపు పెరగడం, రక్తపోటు పడిపోవడం, రక్తంలో ఆక్సిజన్ తగ్గడం వంటి కారణాలతో, బతికి ఉన్న కణాలు కూడా చనిపోవడం రెండో నష్టం. వైద్యం ఆపగలిగేది దీనినే.

మెడను కదిలించకూడదన్న జాగ్రత్త వెన్నుపామును కాపాడటం కోసమే. ఆ జాగ్రత్తతోనే ఊపిరి సాయం ఆలస్యమైతే ఆక్సిజన్ అందక నష్టపోయేది మళ్లీ ఆ వెన్నుపామే. మెదడు పరిస్థితి మరీ సున్నితం. ఆక్సిజన్ పూర్తిగా ఆగిన నాలుగైదు నిమిషాల్లోనే అది కోలుకోలేని దెబ్బతింటుంది. కాబట్టి ఊపిరిని కాపాడటం మెడను నిర్లక్ష్యం చేయడం కాదు. వెన్నుపామును రక్షించడంలో అదే మొదటి మెట్టు.

గాయపడిన వారికి ముందుగా శ్వాసమార్గం, తర్వాత శ్వాస, ఆ తర్వాత రక్తప్రసరణ చూడాలన్న క్రమాన్ని ప్రపంచమంతటా బోధిస్తూ వచ్చారు. దీని వెనుక ఒక విమాన ప్రమాదం ఉంది. 1976లో అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో జేమ్స్ స్టైనర్ అనే ఎముకల శస్త్రవైద్యుడు నడుపుతున్న చిన్న విమానం పొలాల్లో కూలింది. ఆయన భార్య మరణించారు, పిల్లలు తీవ్రంగా గాయపడ్డారు. స్థానిక ఆసుపత్రిలో అందిన చికిత్స తీరు ఆయనను కలచివేసింది. సహచరులతో కలిసి ఆయన రూపొందించిన శిక్షణను 1980లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ స్వీకరించింది. ఏటీఎల్ఎస్ పేరుతో ప్రసిద్ధమైన ఆ శిక్షణలో చాలాకాలం మొదటి పాఠంగా ఉన్నది శ్వాసమార్గాన్ని నిలబెట్టడం, దానితోపాటే మెడ కదలికను అదుపులో ఉంచడం.

తల వంచకుండా దారి తెరవడం

స్పృహ తప్పిన మనిషి వెల్లకిలా పడి ఉన్నప్పుడు నాలుక వెనక్కు జారి గొంతును మూసివేస్తుంది. గురక వంటి శబ్దం వినిపిస్తుంది. మెడ గాయం అనుమానం లేనివారికైతే నుదుటి మీద చేయి ఉంచి తలను వెనక్కు వంచి, గడ్డాన్ని పైకెత్తుతారు. అనుమానం ఉన్నవారికి తలను కదిలించకుండా, రెండు చేతుల వేళ్లను దవడ మూలల వెనుక ఉంచి, కింది దవడను మాత్రం ముందుకు నెడతారు. దవడతోపాటు నాలుక కూడా ముందుకు వచ్చి దారి తెరుచుకుంటుంది.

ఈ పద్ధతిలోనూ మెడ ఏమాత్రం కదలదని అనుకోకూడదు. తలను వంచడంతో పోలిస్తే తక్కువగా కదులుతుంది, అంతే. దవడను నెట్టినా గాలి ఆడకపోతే తలను కొద్దికొద్దిగా వెనక్కు వంచి అయినా దారి తెరవాలని ప్రమాణాలు చెబుతున్నాయి. నోటిలోని రక్తం, వాంతి, ఊడిన పళ్లు తొలగించడం, నాలుకను నిలిపి ఉంచే చిన్న గొట్టం నోటిలో అమర్చడం, ఇద్దరు కలిసి మాస్కు పట్టి ఆక్సిజన్ అందించడం తర్వాతి మెట్లు.

పసిపిల్లల విషయంలో ఇంకొక జాగ్రత్త అవసరం. పిల్లల తల శరీరంతో పోలిస్తే పెద్దది. చదునైన బల్ల మీద పడుకోబెడితే తల వెనుక భాగం ఎత్తుగా ఉండటం వల్ల మెడ ముందుకు వంగిపోతుంది. అందుకే భుజాల కింద మడతపెట్టిన గుడ్డ ఉంచి మెడను తిన్నగా నిలుపుతారు.

గొట్టం వేసేటప్పుడు

మాస్కుతో సరిపోనప్పుడు నోటి గుండా శ్వాసనాళంలోకి గొట్టం పంపి వెంటిలేటర్‌కు కలపాలి. మామూలుగా దీనికోసం తల కింద దిండు ఉంచి, మెడను ముందుకు, తలను వెనక్కు వంచుతారు. లారింగోస్కోప్ అనే పరికరంతో నాలుకను పక్కకు తొలగిస్తే స్వరతంత్రులు కనిపిస్తాయి. ఈ ప్రక్రియలో ఎక్కువ కదలిక పుర్రెకు, పై రెండు పూసలకు మధ్యనే వస్తుంది.

మెడ గాయం అనుమానం ఉన్నప్పుడు ఈ భంగిమ పనికిరాదు. ఒక సహాయకుడు రోగి తలను రెండు చేతులతో పట్టుకుని, శరీరంతో ఒకే వరుసలో ఉండేలా నిలుపుతాడు. తలను లాగడు. వైద్యుడు గొట్టం వేసేటప్పుడు కలిగే కదలికకు ఎదురు నిలుస్తాడు, అంతే. అప్పటివరకు ఉన్న గట్టి కాలర్ ముందు భాగాన్ని తీసివేస్తారు. కాలర్ బిగించి ఉంటే నోరు తగినంత తెరుచుకోదు. గొట్టం వేయడం ముగిశాక దానిని మళ్లీ అమరుస్తారు.

తలను ఇలా పట్టుకోవడం వల్ల స్వరతంత్రులు సరిగా కనిపించకపోవడం పెద్ద ఇబ్బంది. అందుకే కొనకు కెమెరా ఉన్న వీడియో లారింగోస్కోప్ ఇటువంటి రోగులకు బాగా ఉపయోగపడుతోంది. తెర మీద దారి కనిపిస్తుంది గనుక తలను అంతగా వంచనవసరం లేదు. బ్రిటన్‌కు చెందిన డిఫికల్ట్ ఎయిర్‌వే సొసైటీ మరికొన్ని వైద్య సంఘాలతో కలిసి 2024లో వెలువరించిన మార్గదర్శకాలు, వీలున్న చోట వీడియో లారింగోస్కోప్ వాడాలని, కాలర్ ముందు భాగమైనా తొలగించాలని, తలను వంచడం కంటే దవడను ముందుకు నెట్టడమే మేలని సూచించాయి.

ఆ పరికరం ప్రతి ఆసుపత్రిలోనూ ఉండదు. అటువంటి చోట సాధారణ లారింగోస్కోప్‌తోనే, బూజీ అనే సన్నని మెత్తటి కడ్డీని ముందుగా శ్వాసనాళంలోకి పంపి, దాని మీదుగా గొట్టాన్ని జార్చుతారు. అదీ వీలుకాకపోతే స్వరపేటిక పైన కూర్చునే మాస్కు వంటి గొట్టంతో తాత్కాలికంగా ఆక్సిజన్ అందిస్తారు. అన్ని దారులూ మూసుకుపోతే మెడ ముందు భాగంలో, స్వరపేటిక దిగువనున్న పలుచని పొరను కోసి గొట్టం అమర్చడం చివరి ఉపాయం. తలను పట్టుకున్నందువల్లే దారి కనిపించడం లేదనిపిస్తే ఆ పట్టును కొంత సడలించడం కూడా అంగీకరించిన పద్ధతే.

రోగి మెలకువలో ఉండి, సహకరించగలిగి, వ్యవధి ఉన్నప్పుడు మరో మార్గం ఉంది. గొంతుకు మొద్దుబార్చే మందు చల్లి, మెలకువలోనే సన్నని ఫైబర్ ఆప్టిక్ దూరదర్శిని సాయంతో గొట్టం పంపుతారు. మెడ దాదాపు కదలదు. గొట్టం వేశాక చేతులు, కాళ్లు ఆడించమని అడిగి నరాల స్థితిని సరిచూసుకోవచ్చు. నోటి నిండా రక్తం ఉన్నవారికి, కంగారుగా పెనుగులాడేవారికి, ఊపిరి అప్పటికే అడుగంటినవారికి ఈ పద్ధతి తగదు. ఒక పద్ధతి మరొకదాని కంటే వెన్నుపామును ఎక్కువగా కాపాడుతుందని నిస్సందేహంగా తేలలేదు. జాగ్రత్తగా చేసినప్పుడు గొట్టం వేయడం వల్ల నరాల నష్టం పెరిగిన సందర్భాలు బహు అరుదు. అందుచేత ఆ వైద్యునికి బాగా అలవాటైన పద్ధతికే ప్రాధాన్యం లభిస్తుంది.

గుండె, రక్తపోటు, మత్తుమందు

మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిన్నప్పుడు రక్తనాళాలను బిగించి ఉంచే నాడుల ఆజ్ఞలు కూడా తెగిపోతాయి. రక్తపోటు పడిపోతుంది. గుండె వేగం పెరగడానికి బదులు తగ్గుతుంది. గొంతులో పరికరం పెట్టినప్పుడు, కఫం లాగినప్పుడు గుండె మరింత మందగించి ఆగిపోయే ప్రమాదం కూడా ఉంటుంది. అందుకే అట్రోపిన్ మందును చేతికందేలా సిద్ధంగా ఉంచుకుంటారు. మత్తుమందు మోతాదును తగ్గించి, రక్తపోటు పడకుండా కనిపెట్టి చూస్తారు. రక్తం కారడం వల్ల కూడా రక్తపోటు తగ్గవచ్చు గనుక, ఆ కారణం లేదని తేలాకే నాడుల మీద నెపం వేయాలి.

కండరాలను సడలించే సక్సినైల్‌కోలిన్ అనే మందును గాయమైన తొలి గంటల్లో వాడవచ్చు. రెండు మూడు రోజులు గడిచాక వాడితే పడిపోయిన కండరాల నుంచి పొటాషియం ఒక్కసారిగా రక్తంలోకి చేరి గుండె ఆగిపోవచ్చు. అప్పటి నుంచి నెలల తరబడి ఆ మందుకు దూరంగా ఉంటారు.

బాగానే ఉన్నాడనుకున్న మనిషికి రాత్రి ముప్పు

ఆసుపత్రికి వచ్చినప్పుడు చక్కగా మాట్లాడుతున్న రోగికి కూడా ఆ రాత్రో, మర్నాడో ఊపిరి అందకపోవచ్చు. వెన్నుపాములో వాపు ఒకటి రెండు స్థాయులు పైకి పాకడం, ఒంటరిగా పనిచేస్తున్న డయాఫ్రమ్ అలసిపోవడం, కఫం నిండడం, పూసల ముందు పేరుకున్న రక్తపు గడ్డ గొంతును వెనుక నుంచి నొక్కడం ఇందుకు కారణాలు. గొంతు మారడం, మింగలేకపోవడం, మాట మధ్యలో ఊపిరి కోసం ఆగడం ముందస్తు హెచ్చరికలు.

ఒక్క ఊపిరిలో ఎన్ని అంకెలు లెక్కపెట్టగలరో గంటగంటకూ చూడటం పరికరాలు లేని చోట కూడా చేయగలిగిన పరీక్ష. అంకెలు తగ్గుతున్నాయంటే ఊపిరి తరుగుతున్నట్టే. వేలికి తగిలించిన యంత్రంలో ఆక్సిజన్ శాతం పడిపోయేవరకు వేచి ఉంటే ఆలస్యమవుతుంది. హడావుడిలో గొట్టం వేయడం కంటే ముందుగానే, నిదానంగా, అనుభవజ్ఞుల సమక్షంలో వేయడం శ్రేయస్కరం. పై స్థాయి గాయాలైతే వారాల తరబడి వెంటిలేటర్ అవసరమవుతుంది. అటువంటి వారికి మెడ ముందు రంధ్రం చేసి ట్రాకియాస్టమీ గొట్టం అమర్చుతారు.

కాలర్ విషయంలో మారిన అభిప్రాయం

ఒకప్పుడు ప్రమాదంలో పడిన ప్రతి ఒక్కరికీ గట్టి కాలర్ తొడిగి, గట్టి బల్లకు కట్టివేయడం ఆనవాయితీ. ఇప్పుడు ఆ పట్టుదల సడలింది. ఏటీఎల్ఎస్ 2018 నాటి పదో ముద్రణలో మెడను పూర్తిగా కదలకుండా కట్టివేయడం అన్న భావన స్థానంలో కదలికను పరిమితం చేయడం అన్న మాట వచ్చింది.

కాలర్ మెడను పూర్తిగా ఆపలేదు. బిగుతుగా ఉంటే మెడలోని సిరలను నొక్కి, తల గాయం ఉన్నవారి మెదడులో ఒత్తిడి పెంచుతుంది. చర్మం పుండ్లు పడుతుంది. వాంతి అయితే తలను తిప్పుకునే వీలుండదు. వెన్నుపూసలు అతుక్కుపోయే ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్ వ్యాధితో ఏళ్ల తరబడి మెడ వంగిపోయిన వారికి బలవంతాన మెడ చక్కబరచి కాలర్ తొడిగితే ఉన్న ఎముక విరిగి వెన్నుపాము తెగవచ్చు. వారి మెడ ఎలా ఉంటే అలాగే దిండ్లతో ఆనించి ఉంచాలి. కత్తిపోటు, తూటా గాయాలు మాత్రమే ఉన్నవారికి కాలర్ కోసం సమయం వెచ్చించడం మేలు కంటే కీడే చేస్తుందని వైద్యులు గుర్తించారు.

కాలర్ ఎవరికి అనవసరమో తేల్చడానికీ పద్ధతి ఉంది. అమెరికాలో జరిగి 2000లో ప్రచురితమైన నెక్సస్ అధ్యయనం 34,069 మందిని పరిశీలించింది. వారిలో మెడపూసల గాయం ఉన్నవారు 818 మంది, అంటే సుమారు 2.4 శాతం. మెడ వెనుక నడిమి భాగంలో నొక్కితే నొప్పి లేకపోవడం, మద్యం వంటి మత్తు లేకపోవడం, పూర్తి తెలివిలో ఉండటం, చేతులు కాళ్లలో బలహీనత గాని తిమ్మిరి గాని లేకపోవడం, దృష్టిని మళ్లించే పెద్ద గాయం మరొకటి లేకపోవడం అన్న ఐదు అంశాలూ సరిపోతే ఎక్స్‌రే కూడా అవసరం లేదని ఆ అధ్యయనం సూచించింది. ఏ ఒక్కటి సరిపోకపోయినా చిత్రపరీక్ష అవసరం. ఇప్పుడు చాలాచోట్ల అందుకు సీటీ స్కాన్ చేస్తున్నారు.

ఈ ప్రాంతపు గాయాలు వేరు

దక్షిణాసియాలో మెడ గాయాలకు రోడ్డు ఒక్కటే కారణం కాదు. చెట్ల మీది నుంచి, కప్పు మీది నుంచి, పరంజాల మీది నుంచి పడటం ఇక్కడ తరచుగా కనిపిస్తుంది. తెలుగు రాష్ట్రాల్లో తాటి, ఈత చెట్లు ఎక్కే గీత కార్మికులకు ఇది వృత్తిగతమైన ముప్పు. నెత్తిన బరువు మోస్తూ కాలు జారి, ఆ బరువు మెడ మీద పడి పూసలు నలగడం బంగ్లాదేశ్‌లో బాగా తెలిసిన కారణం. 1979లో మొదలైన సావర్‌లోని పక్షవాత బాధితుల పునరావాస కేంద్రం ఇటువంటి రోగులెందరికో ఆశ్రయమైంది.

చున్నీ గాయాలు మరో రకం. ద్విచక్ర వాహనం చక్రంలోనో, చెరకు గానుగలోనో, నూర్పిడి యంత్రంలోనో చున్నీ చిక్కుకుని మెడకు బిగుసుకుంటుంది. మెడపూసతోపాటు స్వరపేటిక, శ్వాసనాళం కూడా నలుగుతాయి. అంటే కాపాడవలసిన మెడా, తెరవవలసిన దారీ రెండూ ఒకేసారి దెబ్బతింటాయి. గొంతు బొంగురుపోవడం, మెడ చర్మం కింద గాలి చేరి నొక్కితే కరకరలాడటం కనిపిస్తే ఆలస్యం చేయకుండా పెద్ద ఆసుపత్రికి తరలించాలి.

ఆసుపత్రికి ముందు పది నిమిషాలు

ప్రమాదస్థలంలో మొదట ఉండేది వైద్యుడు కాదు, దారిన పోయేవారు. గాయపడిన మనిషిని చేతులు, కాళ్లు పట్టి ఎత్తి ఆటోలోకి చేర్చడం మనకు తెలిసిన దృశ్యం. అలా ఎత్తినప్పుడు ఆధారం లేక తల వేలాడుతుంది. మంటలు, వాహనాల రాకపోకల వంటి తక్షణ ప్రమాదం లేకపోతే మనిషిని ఉన్నచోటే ఉంచి, ఒకరు తలకు రెండు వైపులా చేతులు ఆనించి కదలకుండా పట్టుకోవాలి. నీళ్లు తాగించకూడదు. తల ఎత్తి దిండు పెట్టకూడదు.

వాంతి అవుతుంటే తల, భుజాలు, నడుము ఒకే వరుసలో ఉండేలా ముగ్గురు నలుగురు కలిసి దుంగను దొర్లించినట్టు పక్కకు తిప్పాలి. ఊపిరి బాగా ఆడుతుంటే హెల్మెట్‌ను అలాగే ఉంచవచ్చు. ఊపిరికి అడ్డమైతే ఒకరు దవడను, తల వెనుక భాగాన్ని పట్టుకోగా మరొకరు హెల్మెట్ అంచులను వెడల్పు చేస్తూ తీయాలి. ఊపిరి లేకపోతే మెడ గురించి తటపటాయించకుండా ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కడం మొదలుపెట్టాలి.

2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 సేవ ఇప్పుడు అనేక రాష్ట్రాలకు విస్తరించింది. 112కు కూడా ఫోన్ చేయవచ్చు. ఫోన్ చేసేటప్పుడు మనిషికి స్పృహ ఉందా, ఊపిరి ఆడుతోందా, చేతులు కాళ్లు కదులుతున్నాయా అన్న మూడు సంగతులు చెబితే వచ్చే సిబ్బంది సిద్ధపడి వస్తారు.

సాయం చేస్తే కేసుల్లో ఇరుక్కుంటామన్న భయానికి చట్టంలో సమాధానం ఉంది. ప్రమాద బాధితులకు తోడ్పడేవారి రక్షణకు రూపొందించిన మార్గదర్శకాలను సుప్రీంకోర్టు 2016లో అమలులోకి తెచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 134ఎ సెక్షన్ ప్రకారం, సద్బుద్ధితో సాయం చేసినవారి మీద, ఆ సాయంలో పొరపాటు జరిగి బాధితునికి హాని కలిగినా, సివిల్ గాని క్రిమినల్ గాని చర్య తీసుకోరాదు. మెడ పట్టుకోవడానికి, ఊపిరి చూడటానికి ముందుకు వచ్చే చేతికి ఆ రక్షణ వర్తిస్తుంది.